ముట్టుకోవద్దన్న ఆయిల్

ఏప్రిల్ 3

టాంకరు ఇవాళ కూడా మూలుగుతూనే వెళ్లింది. మైదానం దాటి రోడ్డెక్కేదాకా డాబా మీద నిలబడి విన్నాను. మొదటి గేరులో ఏమీ లేదు. రెండో గేరు పడగానే మొదలవుతుంది. రంజాన్ సెలవు ముగించుకుని డ్రైవరు వాహెద్ భాయ్ మళ్లీ బండెక్కిన దగ్గర్నుంచీ వింటున్నాను. అంతకుముందు కూడా ఉండే ఉంటుంది. అప్పట్లో చెవి పెట్టి వినేది మా ఆయన పని, నాది కాదు.

చూపు తగ్గి ఆయన స్టీరింగు వదిలేశాక అన్నీ ఒక్కొక్కటిగా నా చేతికొచ్చాయి. బోరు దగ్గర నీళ్లు నింపుకునే వరస, జహనుమా నుంచి వచ్చే ఫోన్లు, డీజిలు, టైర్లు, డ్రైవరుతో మాటలు. గేర్ బాక్స్ మాత్రం రాలేదు. అది ఇంకా ఆయనదే.

పొద్దున చాయ్ ఇస్తూ అడిగాను.

"గేర్ బాక్స్‌ల ఆయిల్ ఎప్పుడు మార్చినం?"

"ఎందుకు?"

"చప్పుడొస్తున్నది."

"గంత పాత బండికి చప్పుడు రాక ఇంకేమొస్తది. నడుస్తున్నది గదా. ముట్టకు."

ఎప్పుడు మార్చామో మాత్రం చెప్పలేదు. "ముట్టకు" అన్న మాట ఈ మధ్య ఆయన చాలావాటికి వాడుతున్నారు.

ఏప్రిల్ 5

దబీర్‌పురాలో పని ఉండి వెళ్లాను.

పనేమీ లేదు. అంజన్ షెడ్డుకే వెళ్లాను. మా బండి బ్రేకులూ క్లచ్చూ చూసే మెకానిక్కు అతనే. స్టేషన్ గోడ పక్కన షెడ్డు. రైలు పోతున్నంతసేపూ ఇద్దరం మాట్లాడకుండా నిలబడ్డాం. అది పోయాక, "విశ్వేశ్వర్ అన్న పంపిండా, నువ్వే వచ్చినవా?" అన్నాడు.

"నేనే వచ్చిన. ఆ ఆయిల్ ఎన్నడన్న మార్చినవా నువ్వు?"

"నా చేతుల మార్చలె అక్కా. అన్న ముట్టనియ్యలె."

మేం కొనేనాటికే ఆ బండి ఎవరెవరి దగ్గర ఎంత తిరిగిందో తెలియదు. కిలోమీటర్ల ముల్లు అప్పటికే ఆగిపోయి ఉంది. అంటే ఆ ఆయిల్ వయసు ఎవరికీ తెలియదు.

"మరి మార్చాలెనా?"

అతను ఒక స్టూలు లాగి నన్ను కూర్చోమన్నాడు. డాక్టర్లు కూడా అంతే. కూర్చోమన్నారంటే మంచి మాట కాదు.

"ఏండ్ల సంది అదే ఆయిల్ ఉన్నదనుకో. గేర్ల పండ్లు అరిగిన పొడి, మడ్డి, అంత అండ్లనే ఉంటది. సీళ్లు పోయిన కాడ ఆ మడ్డే అడ్డం కూసుంటది. కొత్త ఆయిల్ పోస్తే అదంత కడుక్కపోతది. అప్పుడు కారొచ్చు. చప్పుడు పెరగొచ్చు. గేరు నిలవకపోవచ్చు."

"అయితే మార్చొద్దంటవా?"

"నేను గట్ల అన్లే. మారిస్తే ఏమైతదో చెప్పలేను. మార్చకుంటే ఏమైతదో చెప్త. ఏదో ఓ దినం ఆగుతది. ఏడ ఆగుతదో మనం చెప్పలేం."

ఆలోచించి చెప్తానన్నాను. వచ్చేటప్పుడు ఆటో దొరికినా ఎక్కకుండా మొఘల్‌పురాలో ఇంటిదాకా నడిచాను. ఎండకు తల పగిలిపోయింది.

ఏప్రిల్ 6

ఆయనకు తెలిసిపోయింది. అంజనే ఫోన్ చేసి మంచీచెడూ అడిగాడట.

కోప్పడలేదు. తన మొదటి లారీ కథ మళ్లీ చెప్పారు. మా పెళ్లికి ముందు సంగతి. ఉల్లిగడ్డ లోడు వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే గేర్ బాక్స్ పట్టేసింది. లారీ అక్కడే, ఉల్లిగడ్డ అక్కడే. కుళ్లిన ఉల్లి వాసన ఇప్పటికీ ముక్కులో ఉందంటారు. చివరికి ఆ లారీని తుక్కు కింద అమ్మేశారు.

"మంచిగ నడుస్తుండె. ఎవడో మెకానిక్ ఆయిల్ మార్చిండు. వారం తిరగలె."

ఈ కథ ఎన్నోసార్లు విన్నాను. ఇవాళే మొదటిసారి ఒక మాట అడిగాను.

"మంచిగ నడుస్తుంటే వాడు ఎందుకు మార్చిండు?"

ఆయన చేయి చాపి గ్లాసు కోసం వెతికారు. నేను దగ్గరికి జరిపాను. "నాకేం తెల్సు" అన్నారు.

ఆయిల్ మార్చినందుకు బాక్స్ పోయిందా, పోతోందనే ఆయిల్ మార్చారా? అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. రాయను.

ఏప్రిల్ 8

అంజన్‌కి ఫోన్ చేయలేదు.

ఏప్రిల్ 9

సాయిప్రియ కాలేజీ నుంచి రాగానే దాని ఫోన్ తీసుకుని వీడియోలు చూశాను. సగం మంది వెంటనే మార్చమంటున్నారు. సగం మంది పాత బండికి మారిస్తే అంతే సంగతులంటున్నారు. ఒకాయన చేతులు తిప్పుతూ ఎంత నమ్మకంగా చెప్పాడంటే అతని మాటే నిజమనుకున్నాను. తర్వాతి వీడియోలో ఇంకొకాయన అంతకన్నా నమ్మకంగా దానికి ఎదురు చెప్పాడు.

"అమ్మా, నీకు ఎవరన్న 'మార్చకు' అని చెప్తే బాగుండు, అంతే గదా" అంది.

కాదన్నాను. ఏది నిజమో తెలుసుకుందామని చూస్తున్నానన్నాను. అది పుస్తకం తెరుచుకుని కూర్చుంది. ఇంకో నాలుగైదు వీడియోలు చూశాను. మార్చొద్దన్నవే చివరిదాకా చూశాను.

ఏప్రిల్ 11

కంటి ఆస్పత్రి నుంచి ఫోన్. ఎడమ కన్నుకు ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకుంటారని. మళ్లీ చెప్తామన్నాను. పక్కనే ఉన్న ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

ఇది ఇక్కడ రాయాల్సిన సంగతి కాదు. నేను బండి గురించి రాసుకోవడానికి మొదలుపెట్టాను. అయినా రాస్తాను. ఎటు తిరిగినా ఇక్కడికే వస్తున్నాను.

షుగరు కళ్లకు పాకిందన్నారు. కుడి కన్నుకు లేజర్ చేయించుదామని వెంటపడి తీసుకెళ్లింది నేనే. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆ కంట్లో రక్తం దిగింది. చూపు పోయింది. కంటి లోపలి రక్తనాళాలు అప్పటికే బాగా దెబ్బతిన్నాయని, లేజర్ వల్ల పోలేదని డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆయన వినలేదు. "నా కాళ్ల మీద నడుచుకుంట పోయిన. చెయ్యి పట్టుకొని తెచ్చిండ్రు" అని ఒక్కసారే అన్నారు. మళ్లీ ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా వినిపిస్తుంది ఈ ఇంట్లో.

ఎడమ కన్నుతో మనిషి ఆకారం తెలుస్తుంది. రంగులు కొంచెం. అది నిలవాలంటే ఇంజక్షన్లు వేయాలంటున్నారు. ఉన్నది కూడా పోతుందని ఆయన భయం.

చాలు. బండి సంగతి రేపు.

ఏప్రిల్ 15

చెవి మీద నమ్మకం లేక కంటితో చూద్దామని ఇవాళ వాహెద్ భాయ్ పక్కన కూర్చుని మొదటి ట్రిప్పుకు వెళ్లాను. నేను ఎక్కగానే ఆయన బీడీ ఆర్పేసి, సీటు తుడిచి, "భాభీ, ఏంది ఇయ్యాల?" అన్నారు. ఊరికే అన్నాను.

ఫలక్‌నుమా వైపు ఎక్కేదాకా బాగానే ఉంది. జహనుమాలో మేం నీళ్లు పోసే ఖుద్సియా వాళ్ల సందు మొదట్లో నిటారుగా ఎక్కే చడావు వస్తుంది. అక్కడ రెండో గేరు వేసి, వాహెద్ భాయ్ సీటు కింద నుంచి ఏదో లాగారు. పాత ట్యూబు రబ్బరు ముక్క. దాన్ని గేరు రాడ్డుకు తగిలించి, సీటు కింద ఇనుప కడ్డీకి కట్టేశారు. చూడకుండా, ఒంటి చేత్తో, చొక్కా గుండీ పెట్టుకున్నంత తేలిగ్గా.

"అదేంది?"

"రెండో గేరు నిలుస్తలేదు భాభీ. చడావు మీద ఎగిరి న్యూట్రల్‌ల పడ్తది. గిట్ల కడ్తె నిలుస్తది. ఫికర్ ఏం లేదు."

"ఎన్నాళ్ల సంది కడ్తున్నవు?"

రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నేను కాదు. విశ్వేశ్వర్ భాయ్ నేర్పిండు. ఆయన నడిపేటప్పటి సంది ఉన్నది గిది" అన్నారు.

వెనక ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. అద్దంలో చూస్తే బిందెలతో, బకెట్లతో పిల్లలు బండి వెంట పరుగెత్తుకొస్తున్నారు. సందు చివర ఖుద్సియా మెడలో టేపు వేలాడేసుకుని నిలబడి ఉంది. ఇంట్లో బట్టలు కుట్టే ఆమే ఆ సందందరి తరఫునా మాకు ఫోన్ చేస్తుంది. నన్ను చూసి నవ్వి, "ఆపా, నువ్వు గూడ నేర్చుకుంటున్నవా బండి?" అంది. నవ్వాను.

ఏప్రిల్ 16

రబ్బరు సంగతి ఆయన్ని అడగలేదు.

ఏప్రిల్ 18

అడిగాను.

"తెల్సు" అన్నారు.

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం జేస్తుంటివి? గేర్ బాక్స్ విప్పిస్తుంటివి."

అవును, విప్పించేదాన్నే. బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరాను.

ఏప్రిల్ 22

ఇప్పుడు బండి ఆపలేం. ఖుద్సియా వాళ్ల సందులో ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. రోజూ రెండు టాంకర్లు అడుగుతున్నారు. షెడ్డులో పెడితే వాళ్లు ఏం తాగుతారు? ఎండలు తగ్గాక చూద్దాం. ఇది వాయిదా వేయడం కాదు. అవతలి మనుషుల అవసరం కూడా చూడాలి కదా.

అంజన్‌కి అదే చెప్పాను. "సరే అక్కా" అన్నాడు. అతను సరే అన్న తీరు నాకు నచ్చలేదు.

ఏప్రిల్ 25

రోజూ మొదటి ట్రిప్పుకు నేనూ ఎక్కుతున్నాను. ఎక్కి చేసేదేమీ లేదు. రబ్బరు వైపు చూస్తూ కూర్చుంటాను.

ఏప్రిల్ 29

అక్షరాలు సరిగ్గా రావడం లేదు. అయినా ఇవాళే రాయాలి. రేపటికి దీన్ని చిన్నది చేసేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

చడావు సగం ఎక్కాక రబ్బరు తెగింది. టప్ మని చిన్న చప్పుడు, అంతే. రాడ్డు ఎగిరి మధ్యలోకి వచ్చేసింది. ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచింది. బండి నిలబడిపోయినట్టు అనిపించింది. నిలబడలేదు. వెనక్కి కదిలింది.

వాహెద్ భాయ్ బ్రేకు మీద నిలబడ్డంత పని చేశారు. ముందు వెళ్లిన వేరే టాంకరు నీళ్లు ఒలికి రోడ్డంతా బురదగా ఉంది. టైర్లు ఆగినా బండి జారుతోంది. ట్యాంకులో నీళ్లన్నీ వెనక్కి ఒరిగి ఇంకా లాగుతున్నాయి. నేను అద్దంలోకి చూశాను. బిందెలు, గౌన్లు, చిన్న చిన్న తలలు.

"హటో, హటో" అని వాహెద్ భాయ్ కిటికీలోంచి అరుస్తూనే స్టీరింగు గోడవైపు తిప్పేశారు. వెనక చక్రం మోరీలో పడింది. ట్యాంకు వెళ్లి ఖుద్సియా ప్రహరీకి ఆనింది. గోడ పైవరస ఇటుకలు కూలాయి. మూత ఊడి నీళ్లు సందంతా పారాయి. తర్వాత చాలాసేపు ఎక్కడా చప్పుడు లేదు. నాకు వినిపించలేదో, నిజంగానే లేదో తెలియదు.

ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లల్ని ఖుద్సియా పక్కకి లాగేసింది. ఇద్దర్ని రెండు చేతులతో, ఇంకొకణ్ణి మోకాలితో గోడకు అదిమి పట్టుకుని నిలబడి ఉంది. వాహెద్ భాయ్ మణికట్టు స్టీరింగులో ఇరుక్కుని వాచిపోయింది.

కిందికి దిగాను. ఖుద్సియా నా దగ్గరికి వచ్చి గొంతు పెంచకుండా అడిగింది.

"పిల్లలు ఎనకనే ఉరుకుతరని నీకు తెల్వదా ఆపా?"

"తెల్సు."

"బండి ఖరాబున్నదని తెల్సా?"

అబద్ధం చెప్పొచ్చు. వాహెద్ భాయ్ నా వైపే చూస్తున్నారు.

"తెల్సు" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి ఒక గ్లాసు నీళ్లు నా చేతిలో పెట్టి, వెళ్లి ఇటుకలు ఏరుకుంది. సందందరికీ నీళ్లు లేని రోజున నాకు ఇచ్చిన గ్లాసు అది. తాగలేక, పారబోయలేక పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికి వచ్చి ఆయనకు చెప్పాను. అంతా విని, "వాహెద్‌కు వయసైంది. బ్రేకు టైముకు వెయ్యలె" అన్నారు.

అప్పుడు వచ్చింది కోపం. ఇన్నాళ్లూ ఎక్కడ ఉందో.

ఏప్రిల్ 30

ఆయన్ని అడగలేదు. చెప్పాను, అంతే. "బండి అంజన్ దగ్గరికి పోతున్నది. ఆయిల్ మార్పిస్తున్న."

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. "నీ ఇష్టం" అన్నారు.

షెడ్డులో అంజన్ బండి కిందికి దూరి డ్రైన్ నట్టు విప్పాడు. ఆయిల్ వెంటనే రాలేదు. కాసేపటికి నల్లగా, పాకం లాగా తీగలు సాగుతూ దిగింది. కాలిన వాసన. నట్టుకు ఉన్న అయస్కాంతం మీద బొచ్చులాగా ఇనుప పొడి పట్టుకుని ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి చూపించాడు. పొడిలో గోరంత ముక్క ఒకటి మెరిసింది.

"ఇది పొడి గాదు అక్కా. పన్ను ముక్క."

"ఏం జేద్దాం?"

"విప్పుదామంటే విప్పుత."

నాకు ధైర్యం చాలలేదు. విప్పడం వేరు, ఆయిల్ మార్చడం వేరు. ముందు కొత్త ఆయిల్ పోసి చూద్దామన్నాను. పోశాడు. మణికట్టుకు కట్టు కట్టుకుని వచ్చిన వాహెద్ భాయ్ ఖాళీ ట్యాంకుతో చిన్నగా ఒక చుట్టు తిప్పి తెచ్చారు.

చప్పుడు పెరిగింది. ఇదివరకు మూలుగు. ఇప్పుడు గరగరమని రాళ్లు నూరుతున్నట్టు ఉంది.

మే 1

రాత్రంతా మైదానంలో ఉన్న బండిని పొద్దున స్టార్ట్ చేశారు. ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు. తల కొంచెం పక్కకి వంచి, కళ్లు మూసుకుని. ఎందుకు మూసుకున్నారో.

బండి ఆగాక లోపలికి వస్తూ, గోడను తడుముకుంటూ నా దగ్గర ఆగారు.

"నా కన్ను లెక్కనే దీన్ని గూడ చేసినవ్."

మే 2

మే 4

బండి కింద ఆయిల్ మరక. పొద్దున చెయ్యంత ఉంది. ఇప్పుడు పళ్లెమంత. ఆయన చెప్పినట్టే, అంజన్ చెప్పినట్టే, ఆ వీడియోలో చేతులు తిప్పినాయన చెప్పినట్టే అవుతోంది.

ముట్టుకోకుండా ఉంటే? ఉంటే ఏమయ్యేది? ఇంకో రబ్బరు కట్టేవాళ్లం. అది ఎప్పుడు తెగేది?

సాయిప్రియ అన్నం తినమంది. తిన్నాననే గుర్తు.

మే 6

వాహెద్ భాయ్ ఇంటికి వచ్చారు. మా ఆయనతో కాసేపు పాత బండ్ల గురించి, బోర్ల గురించి మాట్లాడారు. నేను చాయ్ తెచ్చాను. వాహెద్ భాయ్ గ్లాసు అందుకుని, ఆయనతోనే అన్నారు.

"భాయ్, ఆ రబ్బరు ఇగ నేను కట్ట. నౌకరీ పోయినా మంచిదే. ఆ దినం ఆ పిల్లలు నా అద్దంలనే ఉన్నరు. ఇప్పుడు గూడ ఉన్నరు. గేర్ డబ్బా విప్పించుండ్రి."

ఆయన నన్ను అడగలేదు, వాహెద్ భాయ్‌నే అడిగారు. "అంజన్ విప్పుతడా, ఇంకోడా?"

"అంజనే."

"విప్పినంక నాకు చెప్పుమను. నేనొస్త."

మే 9

ఆయన్ని ఆటోలో దబీర్‌పురా తీసుకెళ్లాను. షెడ్డులో నూనె గుడ్డ పరిచి గేర్లన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. వాహెద్ భాయ్ స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆయన చేతులు చాపారు.

అంజన్ రెండో గేరు తీసి ఆ చేతుల్లో పెట్టాడు. బరువుకు చేతులు కిందికి వంగాయి. ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో ఒక్కొక్క పన్నూ తడిమారు. చుట్టూ ఒకసారి. మళ్లీ ఒకసారి, ఇంకా నెమ్మదిగా. ఒకచోట పన్ను విరిగిపోయి ఉంది. అక్కడ వేలు ఆగింది.

"గుండ్రంగైనయ్" అన్నారు.

"అవునన్నా."

"ఇది ఈ నెల అరుగుడు గాదు."

"గాదన్నా. ఏండ్లది."

రైలు పోయింది. అందరం ఆగాం. అది పోయాక ఆయన, "బేరింగు?" అన్నారు. అంజన్ అందించాడు. వేళ్లతో తిప్పితే కరకరమని పట్టేసింది. నవ్వారు. నవ్వు కాదది.

"కొత్త ఆయిల్ పోసుడుతోని అయిందా గిది?"

అంజన్ నా వైపు చూశాడు. నేను కింద నూనె గుడ్డ వైపు చూస్తున్నాను.

"గాదన్నా. కొత్త ఆయిల్ పోసినంక వినబడ్డది. అంతే."

ఆయన గేరును గుడ్డ మీద పెట్టబోయారు. చోటు తెలియలేదు. నేను చెయ్యి పట్టి చూపించాను. చెయ్యి లాక్కోలేదు.

మే 10

ఇది ఎలా జరిగిందో అలాగే రాస్తాను. నా మాటలు కలపను.

సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే, ఆయన మెట్లు పట్టుకుని ఎక్కి వచ్చారు. పైకి రావడమే మానేశారు ఈ మధ్య. పిట్టగోడ మీద చేతులు పెట్టి నిలబడ్డారు.

"లేజర్ కంటె ముందుగాల్నే ఉండె" అన్నారు.

"ఏంది?"

"ఎదురుంగ బండ్ల లైట్లు వస్తే పగిలినట్టు కనవడ్తుండె. చుట్టు రంగులు. కుడి దిక్కు మనుషులు సక్కగ కనవడకపోతుండె. నడుపుతనే ఉంటి."

బట్టలు చేతిలోనే ఉన్నాయి. "ఎప్పటి సంది?"

"నీకు చెప్పలె."

"ఎప్పటి సంది అని అడిగిన."

"నువ్వు డాక్టర్ దగ్గరికి పోదామనేటానికి మస్తు ముందు." పిట్టగోడ మీద వేళ్లు జరుపుతూ, "చెప్తే బండి దించుతరని చెప్పలె" అన్నారు.

నాకు కోపం రావాలి. నిండు టాంకరు, ఆ సందులు, ఆ పిల్లలు. లేజర్ దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఆయన గోడ తడుముకున్నప్పుడల్లా తప్పు నాదేననుకున్నాను. అదంతా లెక్క చెప్పి అడగాలి. అడగలేదు. బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టాను. ఆయన చొక్కా, సాయిప్రియ దుపట్టా. ఆయన అక్కడే నిలబడి ఉన్నారు, అడుగుతాననే ఎదురుచూస్తున్నట్టు.

"ఎడమ దానికి సూది అన్నరు గదా" అన్నారు చివరికి. "ఆ డాక్టరమ్మను ఓసారి అడుగు."

"పోతదని భయం లేదా?"

"ఉన్నది."

మే 13

ఇవాళ పొద్దున గిన్నెలు తోముతూ ఏడ్చాను. కోపమే అది. ఆలస్యంగా వచ్చింది. వెళ్లి ఆయన ముందు నిలబడి, "ఇన్ని దినాలు తప్పంత నన్నే మోయనిచ్చినవ్" అన్నాను. ఆయన "అవ్" అన్నారు. వెళ్లి గిన్నెలు పూర్తి చేశాను.

మే 19

ఇంజక్షన్ అయింది. లోపలికి నన్ను రానివ్వలేదు. తలుపు బయట కుర్చీలో కూర్చోలేక, ఆ వరండా ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరుగుతూనే ఉన్నాను. ఒక నర్సు, "అమ్మా, మీరు కూర్చుంటే మేం నడుస్తం" అంది.

చూపు పెరుగుతుందని మాట ఇవ్వలేమంది డాక్టరమ్మ. ఉన్నది నిలబెట్టడానికే. ఇంకా వేయాలి. కొన్ని నెలలు పోతేగానీ ఏమీ చెప్పలేమంది.

మే 22

పాతబండ్ల బజారులో దొరికిన గేర్లు, కొత్త బేరింగులు, కొత్త సీళ్లు వేసి అంజన్ బండి ఇచ్చేశాడు. నిండు ట్యాంకుతో జహనుమా వెళ్లాను. చడావు దగ్గర వాహెద్ భాయ్ రెండో గేరు వేసి చెయ్యి తీసేశారు. రాడ్డు వణికింది, నిలిచింది. పిల్లల్ని ఈసారి ఖుద్సియా బండి రాకముందే అరుగుల మీద వరసగా నిలబెట్టింది. ఆమె గోడకు మేం పంపిన మేస్త్రీ పని ముగించాడు. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడలేదు. పైపు మాత్రం తనే వచ్చి పట్టుకుంది.

మే 24

పొద్దున మొదటి ట్రిప్పుకు బండి కదిలింది. నేను ఎక్కలేదు. ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు. నేను పక్కన నిలబడ్డాను.

"ఇంకా చప్పుడున్నది" అన్నారు.

"ఉన్నది. పాత గేర్లే గదా. కొంచెం ఉంటదన్నడు అంజన్."

"ఉండనీ."

టాంకరు మలుపు తిరిగి, చప్పుడు బజారు చప్పుళ్లలో కలిసిపోయేదాకా కదలలేదు. ఆ తర్వాత కుర్చీ తడుముకుని కూర్చున్నారు. కంట్లో చుక్కల మందు వేసే వేళ అయిందని చెప్పబోతుండగానే, తల వెనక్కి వాల్చి, ఎడమ కన్ను తనే వేళ్లతో తెరిచి పట్టుకుని, "వెయ్యి చందనా" అన్నారు.